‘మమ్మీ’ అంటే శవమా? ఒక ఇంగ్లీషు మాట గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా ఫిబ్రవరి 21న మాతృభాషా దినోత్సవానికీ, ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి జయంతికీ వాట్సాప్‌లో ఒక సందేశం తప్పకుండా వస్తుంది: “మమ్మీ అంటే శవం, డాడీ అంటే డెడ్. హాయిగా అమ్మా నాన్నా అని పిలవండి.” సభల్లో ఈ ముక్క అనగానే చప్పట్లు కూడా పడతాయి. నేనూ ఒకప్పుడు కొట్టినవాణ్ణే. తర్వాత ఆ మాట పుట్టుక వెతుక్కుంటూ పోతే కథ పర్షియా (నేటి ఇరాన్) కొండల దాకా వెళ్లింది. అప్పటినుంచి ఈ విషయం మీద స్నేహితులు, చుట్టాలు, వాళ్ల పిల్లలు నన్ను అడిగిన ప్రశ్నలకు జవాబులు ఇవి.

మమ్మీ అంటే శవమనే కదా అర్థం? అందులో తప్పేముంది?

శవం అనే అర్థం ఉన్న మాట నిజంగానే ఉంది. కానీ అది వేరే మాట. ఇంగ్లీషులో ఒకే స్పెల్లింగు, ఒకే ఉచ్చారణ ఉన్న రెండు ‘మమ్మీ’లు ఉన్నాయి. ఒకటి పసిపిల్లల నోట పుట్టింది, రెండోది అరబ్బుల మందుల కొట్టునుంచి వచ్చింది. రెంటికీ చుట్టరికం ఏమీ లేదు. మన ‘పాలు’ చూడండి. తాగే పాలూ పాలే, ఆస్తి పంపకంలో వచ్చే భాగమూ పాలే. “నా పాలు నాకు పంచండి” అన్నవాడికి చెంబుతో పాలు తెచ్చివ్వం కదా! ఇదీ అలాంటిదే.

మరి తల్లిని పిలిచే మమ్మీ ఎక్కడిది?

పాలు తాగే పిల్లవాడు పెదాలు కలిపి విడదీస్తే వచ్చే తొలి ధ్వనుల్లో ‘మ’ ఒకటి. అందుకే లోకంలో ఒకదానితో ఒకటి సంబంధం లేని భాషల్లో కూడా తల్లిని పిలిచే మాటలో మకారం దొర్లుతుంది. మన ‘అమ్మ’, లాటిన్‌లో ‘మమ్మా’, చైనీయుల ‘మామా’ అన్నీ ఈ కోవలోవే. ఇంగ్లీషులో ‘మ్యామ్’, ‘మ్యామీ’ లాంటి రూపాలు ముందునుంచీ ఉన్నాయి. ‘మమ్మీ’ అన్న రూపం 18వ శతాబ్దంలో రాతల్లో కనిపిస్తుంది. అమెరికా వాళ్లు దాన్ని ‘మామీ’ చేసుకున్నారు, బ్రిటన్ వాళ్లు ‘మమ్మీ’ దగ్గరే ఉండిపోయారు. మనల్ని ఏలింది బ్రిటన్ వాళ్లు కాబట్టి కాన్వెంటు బళ్లలోంచి మన ఇళ్లకు వచ్చింది ఆ రూపమే.

పిల్లల చేత ‘అమ్మా’ అనే పిలిపించుకోవాలని నాకూ ఉంటుంది. దానికి వాదన కావాలంటే తెలుగులోనే బోలెడన్ని దొరుకుతాయి. అబద్ధపు వ్యుత్పత్తి అవసరం లేదు.

డాడీ?

అదీ పిల్లల మాటే, 16వ శతాబ్దం నాటికే ఇంగ్లీషులో ఉంది. ‘డెడ్’ పాత ఇంగ్లీషునుంచి వచ్చిన వేరే మాట. ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

అయితే శవం అర్థం ఉన్న మమ్మీ ఈజిప్టు మాటేనా?

కాదు, పారశీక మాట. పారశీకంలో ‘మూమ్’ అంటే మైనం. ఉర్దూలో, హిందీలో అదే ‘మోమ్’. హైదరాబాదులో కరెంటు పోతే వెతుక్కునే మోంబత్తి, పిరమిడ్ కింద పడుకున్న మమ్మీ, రెండూ ఒక వేరు నుంచి మొలిచినవే అంటే మొదట నేనూ నమ్మలేదు.

మధ్యలో ఉన్న మెట్టు ఇది. పర్షియాలో దారాబ్‌గిర్ద్ ప్రాంతపు కొండల్లో రాతి నెర్రెలలోంచి నల్లటి జిగురు ఊరేది. మన రోడ్లకు వేసే తారు లాంటిదే, కాకపోతే భూమే స్వయంగా కక్కినది. మైనంలా మెత్తగా ఉంటుంది కాబట్టి దాన్ని ‘మూమియా’ అన్నారు. విరిగిన ఎముకలకు, దెబ్బలకు, లోపలి పుండ్లకు దివ్యౌషధమని పేరు. దొరికేది కొంచెం, అదీ పాలకుల కాపలాలో. అరబ్బు వైద్యులు ఈ మందు గురించి రాశారు. వైద్యశాస్త్రంలో తిరుగులేని పేరున్న పారశీక వైద్యుడు ఇబ్న్ సీనా కూడా దాని గుణాలు చెప్పాడు.

అంటే మొదట్లో ‘మూమియా’ అంటే శవం కాదు, ఈజిప్టు ఊసే లేదు. కొండల్లో దొరికే మందు, అంతే.

మరి కొండ జిగురు శవానికి పేరెలా అయింది?

ఈ కథలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే.

అసలు సరుకు అరుదైతే దానికి బదులు సరుకు వెతకడం వ్యాపారి స్వభావం. ఈజిప్టులో పాత సమాధులు తవ్వితే శవాల కడుపులోనూ పుర్రెల్లోనూ నల్లగా గట్టిపడ్డ జిగురు కనిపించేది. చూడ్డానికి అచ్చం మూమియాలాగే ఉండేది. 1200 ప్రాంతంలో బాగ్దాదు వైద్యుడు అబ్దుల్ లతీఫ్ ఈజిప్టు వెళ్లినప్పుడు పల్లెల వాళ్లు ఇలాంటి సరుకును ఊళ్లోకి తెచ్చి అమ్మడం చూశాడు. అది నిండిన మూడు తలలను అర దిర్హముకు కొన్నానని కూడా రాసుకున్నాడు. కొండ మూమియా దొరకనప్పుడు దీన్ని వాడవచ్చునని ఆయన అభిప్రాయం. ఇక్కడిదాకా ‘మూమియా’ అంటే శవంలో ఉన్న జిగురు మాత్రమే.

ఆ కాలానికి కాస్త అటూ ఇటూగా అరబ్బీ వైద్య గ్రంథాలు లాటిన్‌లోకి అనువాదమయ్యాయి. ‘మూమియా’ లాటిన్‌లో ‘ముమియా’ అయింది. అనువాదకులకు కొండ జిగురు తెలియదు, చూసి ఎరగరు. శవాలను సుగంధ ద్రవ్యాలతో పూడ్చిన చోట దొరికే పదార్థమని వివరణ ఇచ్చారు. ఆ వివరణ చదివిన తర్వాతి తరం ఇంకో అడుగు ముందుకేసి జిగురును వదిలేసి, ఆ ఎండిన మాంసమే మందు అనుకుంది. మాట ఒకటే, సరుకు మూడుసార్లు మారింది: కొండ జిగురు, శవంలోని జిగురు, శవమే.

ఇంగ్లీషులోకి ఈ మాట 1400 ప్రాంతంలో మందు పేరుగానే వచ్చింది. చెడకుండా కట్టి ఉంచిన శవం అనే నేటి అర్థం అందులో 17వ శతాబ్దం మొదట్లోగాని స్థిరపడలేదు. రెండు వందల ఏళ్లపాటు ఇంగ్లీషు వాడికి మమ్మీ అంటే చూసే వస్తువు కాదు, మింగే వస్తువు!

నిజంగా తిన్నారా?

తిన్నారు. పొడి కొట్టి, తేనెలోనో సారాయిలోనో కలిపి. ఫ్రాన్సు రాజు మొదటి ఫ్రాన్సిస్ ఎప్పుడైనా గుర్రం మీంచి పడితే పనికొస్తుందని రేవల్చిని (రూబార్బ్) చూర్ణంతో కలిపిన ముమియా వెంట ఉంచుకునేవాడట. ఐరోపా మందుల కొట్లలో ముమియా జాడీ మామూలు సరుకు.

గిరాకీ ఎక్కువయ్యేసరికి కల్తీ మొదలైంది. 1564లో నవార్ రాజు వైద్యుడు గీ ద లా ఫాంతెన్ అలెగ్జాండ్రియాలో ఒక వ్యాపారి గోదాముకు వెళ్లాడు. అక్కడ నలభై దాకా శవాలున్నాయి. ఏ కాలం నాటివని అడిగితే, అవి ఈమధ్యే పోయినవాళ్లవని, తానే తయారుచేశానని, ఏ రోగంతో పోయారో తనకు అక్కర్లేదని వ్యాపారి నవ్వుతూ చెప్పాడు. ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఆంబ్రోయిజ్ పారే ఈ సంగతి తన పుస్తకంలో రాసి, ఈ మందు వల్ల మేలు లేకపోగా కడుపునొప్పీ వాంతులూ తప్పవని 1582లో గట్టిగా వాదించాడు. పారే మాట ఎందరు విన్నారో గానీ, ముమియా అమ్మకం తర్వాత కూడా చాలాకాలం సాగింది.

మమ్మీలతో రంగు చేసేవారని విన్నాను. పుకారేనా?

పుకారు కాదు. ‘మమ్మీ బ్రౌన్’ అని నూనె చిత్రాలకు వాడే ఒక గోధుమ రంగు ఉండేది. మమ్మీలను మెత్తగా నూరి జిగురూ నూనే కలిపి చేసేవారు. వాడే చిత్రకారుల్లో చాలామంది అది కేవలం రంగు పేరనుకునేవారు, మనం ‘నెమలికంఠం రంగు’ అన్నట్టు. ఇంగ్లాండు చిత్రకారుడు ఎడ్వర్డ్ బర్న్-జోన్స్‌కు ఒకరోజు భోజనాల దగ్గర అసలు సంగతి తెలిసింది. వెంటనే లేచివెళ్లి తన దగ్గరున్న ట్యూబు తెచ్చి ఇంటి తోటలో గొయ్యి తీసి పాతిపెట్టాడు. ఎవరో ఏమిటో తెలియని మనిషికి ఆలస్యంగానైనా దొరికిన అంత్యక్రియ అది. ఆ రంగు తయారుచేసే లండన్ సంస్థ దగ్గర సరుకు పూర్తిగా అయిపోయిందన్న వార్త 1964లో వచ్చింది.

ఈజిప్టు వాళ్లు తమ మమ్మీలను ఏమనేవారు?

‘సాహ్’ అనేవారు. ఆ మాటలో గౌరవం, పూజ్యత అనే ఛాయ ఉంది. శరీరం ఎండి కట్లు కట్టించుకుని కర్మకాండ పూర్తయ్యాక మనిషి ఆ హోదా పొందుతాడని వాళ్ల నమ్మకం. మనం ‘కీర్తిశేషులు’, ‘స్వర్గస్థులు’ అన్నప్పుడు ఉండే మర్యాద లాంటిది అనుకోవచ్చు. వాళ్ల మాట పోయి, తారు పేరు నిలిచింది.

ఇంతకీ వాళ్లు తారు పూసేవారా లేదా?

చాలాకాలం వరకు లేదు. పరీక్షల్లో తేలినవి ఎక్కువగా చెట్ల బంకలు, నూనెలు, కొవ్వులు, తేనెమైనం. ఇవి వందల ఏళ్లకు నల్లబడి తారులా కనిపించాయి, అదే అరబ్బు వ్యాపారులను పొరబాటు పెట్టింది. మృతసముద్రపు తారు వాడకం చివరి వెయ్యేళ్లలోనే పెరిగింది. ఇందులో ఒక తమాషా చూడండి: తారు అనుకుని పొరబాటున పెట్టిన పేరుకు మూలార్థం మైనం, ఆ మైనం మాత్రం శవాల మీద నిజంగానే ఉంది.

శవం చెడకుండా ఎలా ఉండేది? ఊరగాయ పెట్టినట్టేనా?

ఊరగాయ కంటే ఉప్పుచేపకు దగ్గర. మాగాయ ముక్కను ఉప్పులో వేసి రెండు రోజులు ఉంచితే ఊట దిగుతుంది కదా, ఆ ముక్కను పిండి ఎండబెడతాం. కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు నీరు కావాలి, ఉప్పు ఆ నీటిని లాగేస్తుంది. ఈజిప్టు వాళ్లు చేసిందీ అదే, కాకపోతే వాడింది మామూలు ఉప్పు కాదు, నాట్రాన్. కైరోకు వాయవ్యాన ‘వాదీ నత్రూన్’ అనే లోయలో చెరువులు ఎండిపోయి తెల్లగా పేరుకునే క్షారం అది. మన పల్లెల్లో బట్టలు ఉతకడానికి చౌడుమన్ను వాడేవారే, దానికి తోబుట్టువు లాంటిది. సోడా, వంటసోడా, కొంత ఉప్పు కలిసి ఉంటాయి. నీటిని లాగడంతో పాటు కొవ్వును కూడా విరిచేస్తుంది. మామూలు ఉప్పు కంటే అది మేలైంది ఇక్కడే.

పని మొత్తం డెబ్బై రోజులు. మెదడును ముక్కు గుండా కొక్కెంతో తీసేసేవారు. దానికి విలువే ఇవ్వలేదు, ఆలోచన గుండెలో ఉంటుందని వాళ్ల లెక్క. అందుకే గుండెను మాత్రం ఒంట్లోనే వదిలేవారు. ఎడమ పక్కన కోసి కాలేయం, ఊపిరితిత్తులు, జీర్ణకోశం, పేగులు తీసి విడివిడిగా నాలుగు జాడీల్లో పెట్టేవారు. శరీరాన్ని నలభై రోజుల దాకా పొడి నాట్రాన్‌లో పూడ్చి, తర్వాత నూనెలూ బంకలూ పట్టించి, నారబట్ట చుట్టేవారు. గ్రీకు రచయిత హెరొడోటస్ ఈ పనిలో మూడు రకాల ధరలు ఉండేవని కూడా రాశాడు. ఉన్నవాడికి ఒకటి, మధ్యరకానికి ఒకటి, లేనివాడికి ఒకటి. అది చదివి మా బాబాయి, “అప్పుడూ ప్యాకేజీలేనన్నమాట!” అన్నాడు.

ఇది నిజంగా పనిచేస్తుందా అని 1994లో అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో బాబ్ బ్రయర్, రాన్ వేడ్ అనే ఇద్దరు పరీక్షించారు. విజ్ఞానశాస్త్రానికి దానం చేసిన ఒక శరీరాన్ని వాదీ నత్రూన్ నుంచి తెచ్చిన వందల కిలోల క్షారంలో 35 రోజులు ఉంచారు. చక్కగా ఎండింది.

‘ఎంబామింగ్’ అన్నా ఇదేనా?

పని దాదాపు అదే, మాట పుట్టుక వేరు. అందులోని ‘బామ్’ మనకు బాగా తెలిసిన బామే. తలనొప్పి వస్తే నుదుటికి రాసుకునే అమృతాంజనం సీసా మీద ఉండే ఆ మాటే. గ్రీకులో ‘బాల్సమోన్’, లాటిన్‌లో ‘బాల్సముమ్’ అంటే సువాసన గల చెట్టు బంక. మూలం బహుశా హీబ్రూ, అరబ్బీల కుటుంబానికి చెందిన భాషల్లో ఉంది. శవానికి ఆ బంక పట్టించడమే ఎంబామ్ చేయడం. ఇప్పటి ఎంబామింగ్‌లో బంకా లేదు, సువాసనా లేదు, ఉన్నది ఫార్మలిన్ ఘాటు. విదేశాల్లో మనవాళ్లు ఎవరైనా పోతే భౌతికకాయాన్ని విమానంలో పంపడానికి ఎంబామింగ్ ధ్రువపత్రం అడుగుతారు. ఆ కాగితం కోసం తిరిగిన కుటుంబాలకు ఈ మాట నిఘంటువు అవసరం లేకుండానే తెలుసు.

అమృతాంజనం 1893లో బొంబాయిలో మొదలైంది. మొదలుపెట్టింది కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు, ఆంధ్రపత్రిక స్థాపకులు. ఈ ప్రశ్నకు ఈ ముక్క అక్కర్లేదు గానీ, బామ్ అన్నాక చెప్పకుండా ఉండలేకపోయాను.

శిలాజిత్తుకూ మమ్మీకీ సంబంధం ఉందంటారు?

వస్తువులో కాదు, పేరులో ఉంది. రాతి నెర్రెలలోంచి ఊరే నల్లటి మందు కదా శిలాజిత్తు. చరకసంహితలో ‘శిలాజతు’ అన్నది దీన్నే. ‘జతు’ అంటే లక్క, అంటే ‘రాతి లక్క’. పారశీకులు అలాంటి సరుకును ‘రాతి మైనం’గా చూస్తే మనవాళ్లు ‘రాతి లక్క’గా చూశారు. మధ్య ఆసియాలో, రష్యాలో శిలాజిత్తును ఇప్పటికీ ‘ముమియో’ అనే పేరుతో అమ్ముతారు. అంటే ఆ మాట పాత అర్థంతో కొన్నిచోట్ల ఇంకా బతికే ఉంది. ఆ సీసా కొన్నవాళ్లెవరూ శవం పొడి కొంటున్నామని భయపడనక్కర్లేదు!

ఈజిప్టు బయట దొరికినవాటినీ మమ్మీలనే అంటారా?

అంటారు. మందు పేరుగా బయల్దేరిన మాట ఈజిప్టు శవానికి అంటుకుని, చివరకు చర్మం, మాంసం చెడకుండా మిగిలిన ఏ శవానికైనా వర్తించేదాకా వచ్చింది. చిలీ తీరంలో చించొర్రో జనం చేసిన మమ్మీలు ఏడువేల ఏళ్లనాటివి, ఈజిప్టు వాళ్లు ఈ విద్య నేర్వకముందువి. 1991లో ఆల్ప్స్ మంచులో దొరికిన ‘ఓట్జి’ని ఎవరూ భద్రపరచలేదు, మంచే ఆ పని చేసింది. హిమాచల్‌లోని స్పితిలో గ్యూ అనే ఊళ్లో కూర్చున్న భంగిమలోనే ఎండిపోయిన ఒక బౌద్ధ భిక్షువు దేహం ఉంది. అక్కడి చలీ, పొడిగాలీ దాన్ని నిలిపాయి. ఈమధ్య కొన్ని మ్యూజియాలు ‘మమ్మీ’ అనే మాట సినిమా దయ్యాలను గుర్తుచేస్తోందని, లోపలున్నది ఒక మనిషి అన్న స్పృహ పోతోందని, ‘మమ్మీ చేసిన మనిషి’ అనే అర్థం వచ్చేలా రాస్తున్నాయి. సబబే అనిపిస్తుంది నాకు.

మనదేశంలో ఇలా శవాన్ని భద్రపరచిన ఆనవాళ్లు లేవా?

రామాయణంలోనే ఉంది. దశరథుడు పోయేనాటికి రాముడు అడవిలో, భరతుడు కేకయంలో. కర్మ చేయడానికి కొడుకు దగ్గర లేడు. భరతుడు వచ్చేదాకా రాజు దేహాన్ని తైలద్రోణిలో, అంటే నూనె తొట్టిలో ఉంచారని వాల్మీకి చెప్పాడు. అది గాలి తగలకుండా కొన్నాళ్లు ఆపే ఉపాయం. వేల ఏళ్లు ఉంచాలన్న ఉద్దేశం మనకు లేదు. దేహాన్ని అగ్నికి అప్పగించే సంప్రదాయంలో మమ్మీ పుట్టే అవకాశమే లేదు కదా. తెలుగులో దానికి సొంత మాట లేకపోవడానికీ అదే కారణమనుకుంటాను. వస్తువే లేనప్పుడు పేరెందుకు? పాఠ్యపుస్తకాలూ పత్రికలూ ‘మమ్మీ’ అనే రాస్తున్నాయి, అలాగే రాయడం మంచిది.

హైదరాబాదులో మమ్మీ ఉందా? చూడొచ్చా?

నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర పురావస్తు మ్యూజియంలో ఉంది. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ కొని తెచ్చి ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్‌కు ఇస్తే, ఆయన 1930లో మ్యూజియానికి ఇచ్చేశారు. పేరు ‘నైషూ’ అంటారు. వయసులో ఉండగానే పోయిన అమ్మాయి. రెండు వేల ఏళ్లకు పైబడిన దేహం. ‘ఆరో ఫారో కూతురు’ అని చాలా చోట్ల రాస్తుంటారు. ఇది నాకు మింగుడుపడదు. ఈజిప్టులో ఆరో ఫారో అంటే దాదాపు ఐదువేల ఏళ్ల వెనక్కి వెళ్లాలి, ఈ మమ్మీని చెబుతున్నది చివర్లో ఈజిప్టును ఏలిన గ్రీకు వంశం టాలెమీల కాలానికి. రెండూ ఒకచోట పొసగవు. కోల్‌కతా, జైపూర్, వడోదర, లక్నో మ్యూజియాల్లోనూ ఈజిప్టు మమ్మీలున్నాయి గానీ తెలుగు నేల మీద ఇదొక్కటే.

చాలా ఏళ్లు మామూలు అద్దాల పెట్టెలో ఉండటంతో మన వాతావరణానికి కట్లు పాడవడం మొదలైంది. 2016లో స్కానింగులు చేయించి, ప్రాణవాయువు చేరని కొత్త పెట్టెలోకి మార్చారు. పెట్టెలో నింపింది నత్రజని. ఈజిప్టు వాళ్ల క్షారం పేరే గ్రీకులో ‘నిట్రాన్’, అరబ్బీలో ‘నత్రూన్’ అయింది. గ్రీకు రూపంలోంచి ‘నైట్రోజన్’ పుడితే మనవాళ్లు దాన్ని ‘నత్రజని’ చేశారు. ఆ అమ్మాయిని మొదట ఎండబెట్టిన ఉప్పు పేరే, రెండు వేల ఏళ్ల తర్వాత నాంపల్లిలో ఆమె చుట్టూ ఉన్న గాలికీ ఉంది. సెలవు దొరికిందని నేరుగా వెళ్లిపోకండి, ఏ రోజులు తెరిచి ఉంటుందో ముందు కనుక్కుని వెళ్లండి.